మాట కింద నీళ్లు

మా మామ కర్నూలులో మైకు ప్రకటనలు తయారు చేస్తాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. చీరల సేలు గురించో, స్కూళ్లలో చేరికల గురించో చెప్పుకుంటూ ఆటోలు వీధి వీధీ తిరుగుతాయే, వాటిలో వినిపించే మాటలు రాసేదీ, రికార్డు చేసేదీ, వెనక సంగీతం అతికించేదీ ఆయనే. పాతబస్తీలో ఒక మేడ మీద చిన్న గది ఆయన స్టూడియో. రోడ్డు మీది హారన్లు లోపలికి రాకుండా గోడల నిండా బొంతలు వేలాడదీశాడు. అవన్నీ మా అవ్వ, అంటే మామ వాళ్లమ్మ, పాత చీరలతో కుట్టినవి. రికార్డింగు అప్పుడు ఫ్యాను కూడా ఆపేయాలి. ఎండాకాలంలో ఆ బొంతల మధ్య ఉడికిపోతూ "ఆలసించిన ఆశాభంగం" అని హుషారుగా చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్లకే తెలుస్తుంది.

డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగు కోసం నేను మామ ఇంట్లో ఉండేదాన్ని. పరీక్షలు కలిసిరాలేదు గానీ గొంతు కలిసొచ్చింది. మామూలుగా చెప్పే అమ్మాయి ఒకరోజు రాకపోతే మామ నన్ను మైకు ముందు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఆయన ఇంకెవరినీ పిలవలేదు. కూరగాయలకు పోతే నా గొంతే నన్ను దాటుకుంటూ ఆటోలో పోయేది. మొదట్లో సిగ్గేసేది, తర్వాత అలవాటైంది.

"నవ్వుతా చెప్పు పాపా," అనేవాడు మామ, రికార్డింగు మొదలుపెట్టే ముందు. "నీ మొగం ఎవురికీ కనపడదు. కానీ నవ్వు గొంతులో తెలుస్తాది."

మామకు చప్పుళ్లంటే పిచ్చి. బజారులో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, బొరుగుల ఉగ్గాని కలిపేవాడి గరిటె చప్పుడునో, కమ్మరి కొట్టునో చెవి ఒగ్గి వినేవాడు. అత్త కోప్పడితే, "అందరూ కండ్లతో బజారు చేస్తారు, నేను చెవులతో చేస్తా," అనేవాడు. అటువంటి మనిషి దగ్గరికి ఒక ఎండాకాలం మొదట్లో కడప నుంచి బోరుబండ్ల ఓనరు వచ్చాడు.

ఆయనది సేద్యపు కుటుంబం. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి తోలే లారీలతో వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత బోర్లు వేసే బండ్లు కొన్నాడు. కర్నూలు జిల్లా పల్లెల్లోకి కూడా తన బండ్లు పంపాలని ఆయన ఆలోచన. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, నోటి నిండా నవ్వు. నేనిచ్చిన టీ తాగి, గొంతు తగ్గించి, ఎవరో వింటారన్నట్టు చెప్పాడు.

"అన్నా, ఫోన్లో ఒక వీడియో చూసినా. యాడో ఫారిన్‌లో పాట కింద ఇంకో మాట దాచిపెడతారంట. చెవికి వినపడదంట. మనసుకు మాత్రం పోతాదంట. అది విన్నోడు ఎందుకో తెలీకుండానే పోయి ఆ సామాను కొంటాడంట."

"చెవిని దాటి మనసుకు పోయే తోవ యాడుండాదప్పా?" అన్నాడు మామ.

"ఏమో, ఉండాదంట. మన ప్రకటన కింద గూడ అట్ల 'బోరు వేయించు, బోరు వేయించు' అని ఈ పాపతో మెల్లగా చెప్పించు."

మామ నవ్వాడు గానీ, ఆయన కళ్లలో అప్పటికే ఆసక్తి పుట్టింది. అదే రోజు నేను మైకుకు పెదవులు ఆనించి గుసగుసగా "బోరు వేయించు" అని చెప్పాను. దాన్ని నా మామూలు మాటల కింద, సంగీతం చాటున పరిచాడు. ఇద్దరం మిద్దె మీద మైకు గొట్టం పెట్టి వేసి చూశాం. నా గుసగుస కాస్తా "ఉస్ ఉస్" అని బయటికొచ్చింది. కింద పోతున్న ఒకాయన తలెత్తి, "ఏమప్పా, గ్యాసు లీకవుతాందా?" అని అరిచాడు. ఇద్దరం పిట్టగోడ చాటున కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం.

అంతటితో పోయేదే. కానీ మామ ఏదైనా పట్టుకుంటే వదలడు. అన్నం తింటూ కూడా అదే ఆలోచన. ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు.

"పాపా, మన సీమలో ఏ చప్పుడు వింటే మనిషి కూర్చున్న కాడి నుంచి లేస్తాడు?"

"నీళ్లు," అన్నాను. దానికి ఆలోచించాల్సిన పని లేదు.

మా ఇల్లు కోడుమూరులో. అమ్మ, నాన్న, అవ్వ అక్కడే ఉంటారు. మా వీధికి ఒకటే కొళాయి. నీళ్లు రోజూ రావు, వచ్చే పొద్దుకు వేళాపాళా ఉండదు. ఆ కొళాయికి మా అవ్వే పెద్ద. బిందెల వరస పెట్టించేదీ, తగాదాలు తీర్చేదీ ఆవిడే. అన్నిటికన్నా పెద్ద విషయం, పైపులోకి నీళ్లు వస్తున్నాయని ముందుగా తెలిసేది ఆవిడకే. కొళాయి మొదట గాలి మింగినట్టు గురగురమంటుంది, తర్వాత దగ్గుతుంది, ఆ తర్వాత నీళ్లు. ఆ మొదటి గురగుర అరుగు మీద కూర్చున్న అవ్వ చెవిన పడేది. "నీళ్లొచ్చినాయి రండే!" అని ఒక్క కేక వేసేది. చేస్తున్న పని వదిలేసి వీధి వీధంతా బిందెలతో దిగేది. అవ్వ కేక తప్పిందని నేనెప్పుడూ వినలేదు.

మామ నన్ను వెంటబెట్టుకుని కోడుమూరు వచ్చాడు. నీళ్లు వచ్చేదాకా ఉన్నాడు. వచ్చిన రోజున చిన్న రికార్డరు కొళాయి దగ్గర పెట్టి, అవ్వనే బిందె పట్టమన్నాడు. గాలి గురగుర, దగ్గు, స్టీలు బిందె అడుగున పడే మొదటి ధార, నిండేకొద్దీ మారే ఆ చప్పుడు, అన్నీ పట్టాడు. వరసలో ఉన్నవాళ్లను అవ్వ గదమాయించింది. "ఒక్క గడియ నోర్లు మూసుకోండే. నా కొడుకు కొళాయి చప్పుడు పట్టుకుంటాండాడు."

"ఆ చప్పుడుతో ఏం చేస్తావురా?" అని తర్వాత అడిగింది.

"ఊరికే మా. బాగుంటాది," అన్నాడు మామ.

అవ్వ మురిసిపోయింది. కర్నూలులో ఇరవై నాలుగు గంటలూ మోటారు నీళ్లు వాడే కొడుక్కి ఇంటి కొళాయి మీద బెంగ పుట్టిందని వీధంతా చెప్పుకుంది.

ఆ చప్పుడును మామ నా మాటల కింద పెట్టాడు. ఎంత మెత్తగా పెట్టాడంటే, నేనే పక్కన కూర్చుని విన్నా పట్టుకోలేకపోయాను. నా మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునే సందులో అది ఉంది. ఆటో దూరమవుతున్నప్పుడు మాట కరిగిపోయాక కూడా ఎక్కడో పక్క సందులో కొళాయి విప్పినట్టు, విన్నట్టూ విననట్టూ ఉంటుంది. మామ గర్వంగా నా వైపు చూశాడు. నాకూ అది మాయలాగానే అనిపించింది. మోసమన్న మాట నా తలలోకే రాలేదు.

ఆటోలు జిల్లా అంతా ఊరూరా తిరిగాయి. ఓనరుకు పని బాగా దొరికింది. చప్పుడు వల్లనో, మామూలుగా ఎండాకాలంలో బోర్ల మీదికి మనసు పోవడం వల్లనో ఎవరు చెప్పగలరు? ఆయన మాత్రం ఫోను చేసి, "అన్నా, నీ చేతికి దండం," అన్నాడు.

కొన్ని వారాలకు అమ్మ ఫోను చేసింది. అవ్వకు చెవులు సరిగా లేవంది. నీళ్లొచ్చినాయని కేక వేస్తోందట. వీధంతా వస్తే కొళాయి ఎండిపోయి ఉంటోందట. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత అవ్వ కేక వేసినా పొయ్యి దగ్గర నుంచి లేవడం మానేశారు. చివరికి ఒక పొద్దు నిజంగానే నీళ్లొచ్చాయి. అవ్వకు వినపడిందట కూడా. కానీ ఇదీ ఉత్తదేనేమోనని కేక వేయకుండా కూర్చుంది. కొళాయి విప్పి ఉండడంతో నీళ్లు కాలువ పాలయ్యాయి, సగం వీధికి బిందె నిండలేదు. అప్పటి నుంచి ఆవిడ అరుగు మీదికే రావడం లేదని చెప్తూ అమ్మ ఏడ్చింది.

అవ్వను కర్నూలుకు తీసుకొచ్చి చెవుల డాక్టరుకు చూపించాం. ఆయన మిషన్లు పెట్టి పరీక్షలు చేసి, ఈ వయసుకు ఇంత బాగా వినపడటం అరుదని చెప్పాడు. నాకు సంతోషమేసింది. అవ్వ ముఖం మాత్రం ఇంకా వాడిపోయింది. ఆసుపత్రి మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని అంది.

"చెవులు బాగుంటే మరి తలకాయ చెడినట్లే గదా పాపా. మా పెద్దక్కకు గూడ ఇట్లే మొదలాయ. లేని మనుషులు పిలుస్తాండారని లేచి పోయేది."

నేను ఏదో సర్దిచెప్పి, మనసు మళ్లించడానికి స్టూడియోకు తీసుకెళ్లాను. గోడల మీద తన బొంతలు చూసి ఆవిడ కాస్త తేలికపడింది. ఏ చీర ముక్క ఎవరిదో వేలితో చూపించింది. మామ కుర్చీ వేశాడు. "నీ గొంతు వినిపీ పాపా, మీయమ్మ గొప్పగా చెప్తాది," అంది. కంప్యూటర్లో ముందు కనిపించిన ప్రకటన పెట్టాను. అది బోరుబండ్లదే.

నా మాటలు మొదలయ్యాయి. అవ్వ తల ఊపుతూ వింటోంది. మొదటి వాక్యం అయిపోయి, రెండోది మొదలయ్యేలోగా ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. వెంటనే మళ్లీ కూలబడి, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"మళ్లా వినపడ్తాంది. ఈడ గూడ వినపడ్తాంది," అంది. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

మామ చెయ్యి చాచి ప్రకటన ఆపేశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. తర్వాత ఆయన నా మాటల ట్రాకును మూసేసి, కింది ట్రాకు ఒక్కటే పెద్దగా పెట్టాడు. గురగుర, దగ్గు, బిందెలో ధార. గది నిండా కోడుమూరు కొళాయి.

"ఇది నీ తలకాయలో లేదు మా. నేను పెట్టినా," అన్నాడు.

మొదట అవ్వకు అర్థం కాలేదు. మామ రెండోసారి చెప్పాడు, ఆటోల సంగతి, ఓనరు సంగతి, అంతా. విన్నాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "అయితే నా తలకాయ బాగుండాదా?"

"నీ తలకాయ బాగుండాది. నీ చెవులు మా అందరికన్నా బాగుండాయి."

అవ్వ నవ్వింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే నవ్వుతూనే మామ భుజం మీద నాలుగు దెబ్బలు వేసింది. నేనూ నవ్వేశాను. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఆవిడ మెల్లగా గంభీరమైపోయింది.

"అది మన కొళాయేనా?"

"అవు మా."

"నేను బిందె పట్టిందే?"

మామ తల ఊపాడు.

"నీకు ఇల్లు యాదికొస్తాంది, అందుకే పట్టుకుంటాండావనుకుంటి," అంది అవ్వ.

మామ నేల మీద, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "ఎవురికీ వినపడదనుకుంటి మా. వినపడనంత మెత్తగా పెట్టినా."

"అదే తప్పు గదరా. వినపడితే నిన్ను తిడతా. వినపడనోళ్లు ఎవురిని తిట్టాల? వాండ్లను వాండ్లే తిట్టుకోవాల. నేను ఇన్నాళ్లు నన్నే తిట్టుకుంటి."

మామ ఆవిడ మోకాలి మీద తల ఆనించాడు. అవ్వ ఆ తలను పక్కకు నెట్టలేదు. కాసేపటికి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, "తల నెరిసినా బుద్ధి రాలే," అంది. అందులో కోపం పావలా వంతే.

అవ్వ ఒక షరతు పెట్టింది. వీధిలోకొచ్చి అందరికీ చెప్పాలి. మామ ఒప్పుకున్నాడు. కోడుమూరు పోయి, మళ్లీ కొళాయికి నీళ్లొచ్చే రోజుదాకా ఉన్నాం. బిందెలు వరసలో ఉండగా ఒక చిన్న స్పీకరు కొళాయి దిమ్మ మీద పెట్టి, ప్రకటనను ముందు నీళ్లతో, తర్వాత నీళ్లు తీసేసి వినిపించాడు. మొదట ఎవరికీ తేడా తెలియలేదు. నీళ్ల ట్రాకు ఒక్కటే వినిపించాక అందరికీ పట్టుబడింది. ఇక ఆ తర్వాత పెద్దగా పెట్టాల్సిన పనే లేకపోయింది. తెలిశాక చెవి దాన్నే వెతుక్కుంటుంది.

ఆడవాళ్లు తిట్టారు, నవ్వారు, అవ్వను చుట్టుకున్నారు. "పెద్దమ్మా, నీది తప్పనుకుంటిమి," అని ఒకామె అవ్వ గడ్డం పట్టుకుంది. అవ్వ గొప్పగా కొంగు సర్దుకుని, వరస తప్పిన ఒక బిందెను కాలితో వెనక్కి నెట్టింది. ఆవిడ పదవి ఆవిడకు వచ్చేసిందని నాకు అప్పుడే తెలిసింది.

మా ఎదురింటామె మాత్రం నవ్వలేదు. పడమటి పల్లెల నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లలో ఆమె ఒకతె. కూలికి పోతుంది. ఊరి బయట వాళ్లకు కొంచెం మెట్ట ఉంది, వానొస్తే పంట, లేకపోతే లేదు. ఆమె బిందె కింద పెట్టి మామ ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా, నాకొక మాట చెప్పు. ఈ ఎండాకాలం నాకు బోరు మీద శానా మనసు పుట్టింది. మా ఆయన వద్దన్నా వినలే. దుడ్లకు గూడ యాడాడో అడిగి పెట్టినా. ఆ మనసు నాదేనా, నీ నీళ్లదా?"

మామ దిమ్మ మీది స్పీకరు ఆపేశాడు. "నాకు తెలీదమ్మా," అన్నాడు.

"పెట్టినోడివి నీకే తెలీకపోతే నాకెట్ల తెలుస్తాది?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. అవ్వ విన్నది చప్పుడని మేం చూపించగలిగాం. ఈమె కోరికలో ఆ చప్పుడు ఎంత కలిసిందో చూపించే ట్రాకు ఏ కంప్యూటర్లో ఉంటుంది?

మర్నాడే మామా నేనూ కడప బస్సెక్కాం. ఫోనులో చెప్పే మాట కాదన్నాడు మామ. కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే నా మనసులో ఉన్నది అడిగాను.

"మామా, నవ్వుతా చెప్పమంటావు గదా నన్ను. ఉక్కపోస్తా ఉన్నా నవ్వుతా. అది గూడ దాచిపెట్టడమే గదా?"

ఒక ఊరు దాటింది, ఇంకో ఊరు దాటింది. "నవ్వినావా అని నిన్ను ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు చివరికి.

"నవ్వినా, మా మామ నవ్వమన్నాడు అని చెప్తా."

"నీళ్లు పెట్టినావా అని ఆ ఎదురింటామె ముందే అడిగింటే, నేను పెట్టినానని చెప్పేవాడినా? చెప్తే పని చేయదు గదా. చెప్తే చెడిపోయే పని చేసినా పాపా." ఆ తర్వాత దోసకాయలు కొని, తొక్క తీసి నాకు సగమిచ్చాడు. మళ్లీ కడపదాకా ఆ మాట ఎత్తలేదు.

ఓనరు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి, రాగిసంగటీ కోడికూరా పెట్టేదాకా పని మాట ఎత్తనివ్వలేదు. తిన్నాక మామ సంగతంతా చెప్పాడు. ఆ ప్రకటన ఆపాలి, నీళ్లు తీసేసి కొత్తది ఇస్తానన్నాడు. ఓనరు మొదట నవ్వాడు, తర్వాత మామ నవ్వడం లేదని చూశాడు.

"ఏమన్నా ఇది? సినిమాలో ఏడుపు సీనుకు వయొలిన్ పెడతారు. అది మోసమా? హోటలోడు తాలింపు వాసన రోడ్డు మీదికి వదుల్తాడు. అది మోసమా?"

"వాసన వచ్చిన కాడ కూర ఉండాది గదప్పా. నా చప్పుడు వచ్చిన కాడ నీళ్లు యాడుండాయి?"

"భూమిలో ఉండాయో లేవో నాకెట్ల తెలుస్తాది? ఎవురికి తెలుస్తాది?"

"తెలీనప్పుడు ఉండాయన్నట్లు వినిపీగూడదు."

ఓనరు లేచి గుమ్మం దాకా నడిచి, అక్కడి నుంచే మాట్లాడాడు. ఆ నవ్వు మొహంలో ఇంకో మనిషి కనిపించాడు. "మా నాయన ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించినాడన్నా. ఒక్కదాంట్లో గూడ నీళ్లు పడలే. ఉన్న భూమంతా బోర్లకే పాయ. అప్పుడే అనుకుంటి, ఈ సీమలో బోరు వేసేవాడే బతుకుతాడు, వేయించుకునేవాడు కాదు అని. మా నాయనకు ఎవురూ ఏ చప్పుడూ వినిపించలే. ఆశకు మైకు యాడ కావాలన్నా?"

"అందుకే గదప్పా వచ్చింది," అన్నాడు మామ మెల్లగా. "ఆయనకు ఉండిన ఆశ చాలలేదా? దాని మీద నేను ఇంకింత పోయాల్నా?"

ఫోను మోగితే ఓనరు కట్ చేశాడు. మళ్లీ మోగితే మళ్లీ కట్ చేశాడు. చివరికి, "సరే, తీసెయ్," అన్నాడు. కొంచెం ఆగి, "గట్టిగా పెడితే? అందరికీ వినపడేట్ల?" అని అడిగాడు. వ్యాపారి కదా, ఉత్త చేతులతో లేవడు.

మామ ఒప్పుకున్నాడు. కొత్త ప్రకటనలో నీళ్ల చప్పుడు మొట్టమొదటే, మోటారు పంపు పోసినట్టు ధబధబా వస్తుంది. ఏ అవ్వా దాన్ని విని కొళాయి అనుకోదు. "నీళ్లు పడేదీ లేనిదీ భూమి చెప్పాలి" అని ఒక ముక్క నాతో చెప్పించాలని మామ పట్టుబట్టాడు గానీ దానికి ఓనరు చేతులెత్తి దండం పెట్టాడు. "అన్నా, నా బండ్లు నేను అమ్ముకోవాల్నా వద్దా?" ఆ ముక్క పోయింది. ఆ ఏడాది తర్వాత ఆయన ప్రకటనలకు వేరే స్టూడియోకు పోయాడు. అయినా మామతో మాట మాత్రం మానలేదు. కర్నూలు వస్తే మేడెక్కి టీ తాగి పోతాడు.

అవ్వ మామను ఎప్పుడు క్షమించిందో నాకు సరిగ్గా తెలియదు. క్షమించానని ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సినంత దూరం పెట్టనే లేదు. ఆ తర్వాత ఫోనులో వీడియోల మధ్య ప్రకటన వచ్చినప్పుడల్లా, "దీని కింద ఏం పెట్టినారు చూడు," అని నన్ను అడిగేది. ఏమీ లేదంటే నమ్మేది కాదు. ఒక కాఫీ ప్రకటనలో ఆ పిల్ల కాఫీ తాగకుండానే కప్పు కింద పెట్టిందని పట్టుకుంది. నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూస్తే నిజమే.

ఎదురింటామె ఆ ఎండాకాలం బోరు వేయించలేదు. అప్పు అడిగి పెట్టుకున్నవాళ్లకు వద్దని చెప్పేసింది. వానలు వచ్చాయి, మెట్టలో కొర్ర వేసింది, కొంత చేతికొచ్చింది. ఆటోలు రావడం ఆగిపోయింది. కార్తీకంలో నేను ఇంటికి పోయినప్పుడు ఆమె మా గడపలో కూర్చుని అవ్వకు వక్క కొట్టి ఇస్తూ చెప్పింది.

"ఇప్పుడు ఏ మైకూ రాలే పెద్దమ్మా. వానలు గూడ పడినాయి. అయినా మనసు అట్లే ఉండాది. నాదే అనుకుంటాండా."

"నీదైతే వేయించుకో," అంది అవ్వ. "పడకపోయినా నీదే అనుకోవాల మరి. మళ్లా నా కొడుకును అనగూడదు."

"అనను," అంది ఆమె నవ్వుతూ. బండి ఎవరిదని నేను అడిగితే కడప ఓనరుదేనంది. ఇంకో నంబరు ఆమెకు తెలియదు. ఆ నంబరు మాత్రం, వీధిలో తిరిగి తిరిగి నా గొంతే ఆమెకు బట్టీ పట్టించింది.

బోరు వేసిన పొద్దున మేమందరం వాళ్ల చేను దగ్గరికి పోయాం. మామ కర్నూలు నుంచి వచ్చాడు. అవ్వ ఒక రాతిగుండు మీద గొడుగు పట్టుకుని కూర్చుంది. బండి చప్పుడుకు మాట వినపడదు. తెల్లటి దుమ్ము లేచి మా తలల మీద, కనురెప్పల మీద పడింది. ఎదురింటామె భర్త ఆ దుమ్మునే చూస్తూ నిలబడ్డాడు, ఆమె మాత్రం వీపు తిప్పుకుని మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుతూ కూర్చుంది. దుమ్ము రంగు మారింది. తర్వాత ముద్దకట్టింది. తర్వాత బురదగా చిమ్మింది. చివరికి నీళ్లు పడ్డాయి. కానీ ఎక్కువ కాదు. బండి మనిషి చెయ్యి పెట్టి చూసి, వరికి చాలవు, కూరగాయలకు సరిపోతాయన్నాడు.

ఆమె వచ్చి దోసిలి పట్టి, ఆ మట్టి నీళ్లు మొహాన చల్లుకుంది. "చాలు. వరి ఎవురు అడిగినారు?" అంది.

అక్కడే అందరం ఆకుల్లో అన్నం తిన్నాం. పప్పులో ఉప్పు ఎక్కువైందని మామ అంటే, వండుతున్నప్పుడు తన మనసు మనసులో లేదని ఆమె అంది. అవ్వ ఇంకో ముద్ద పెట్టించుకుంది.